గట్టు మీద టేకు, చేలో సరుగుడు: చిన్న లాటు దుంగలకి రేటు ఎలా కట్టుకోవాలి?

చిన్నకోత (కొత్తపేట)

అందరికీ నమస్కారమండి. రైతుల గట్ల మీద, దొడ్లలో ఉన్న చెట్లు బేరం చేసి, నరికించి, దుంగలు కోయించి అడితికి (కలప డిపోకి) తోలడం నా పని. సొంత డిపో లేదు, లారీ లేదు. ఒక మెషీను రంపం, ఇద్దరు కుర్రాళ్ళు, అవసరానికి అద్దె ట్రాక్టరు.

ఇప్పుడు ఒకే రైతు దగ్గర నాలుగు రకాల సరుకు తగిలింది. గట్టు చుట్టూ టేకు మానులు, పక్క చేలో సరుగుడు, చెరువు గట్టున రెండు నిద్రగన్నేరులు, ఇంటి వెనక కాపు ఉడిగిన ఒక మామిడి. టేకుకి రాజమండ్రి అడితి వాళ్ళు సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) లెక్కన రేటు చెప్పారు. సరుగుడుకి కర్ర ఏజెంటు టన్ను రేటు చెప్పాడు. మా ఊరి దళారి అన్నీ కలిపి గుత్తకి ఇచ్చేయమంటున్నాడు. మూడూ మూడు లెక్కలు, ఏది ఎక్కువో తేలడం లేదు.

ధాన్యానికి మద్దతు ధర ఉంది. కొబ్బరికి అంబాజీపేట మార్కెట్ రేటు పేపర్లో వస్తుంది. దుంగలకి అలాంటిది ఏదీ కనబడదు. అడితి వాళ్ళు చెప్పిందే రేటు అనుకోవాలా? రైతుకి ఈ వారంలో మాట ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

సముద్రపుగాలి (మలికిపురం)

సరుగుడు గురించి నేను చెబుతానండి, మా తీరమంతా అదే పంట. టన్ను ఎంత అనే మాట తరవాత. ముందు ఏజెంటుని ఇవి అడగండి: తొక్కతోనా, తొక్క తీసా? పచ్చి కర్రకా, ఆరిన కర్రకా? రేటు తోట దగ్గరదా, మిల్లు గేటు దగ్గరదా? నరుకుడు, మోత, ఎగుమతి (లారీకి ఎక్కించే) కూలి ఎవరి మీద? ఇవి తేలకుండా ఒకడి రేటుని ఇంకొకడి రేటుతో పోల్చలేరు. తొక్క తీసి మిల్లు గేటు దగ్గర ఇచ్చే రేటు వినడానికి చాలా పెద్దదిగా ఉంటుంది. అందులోంచి కూలి, కిరాయి, తొక్క బరువు తీసేస్తే తోటలో తొక్కతో ఇచ్చే రేటు కన్నా తక్కువ మిగలొచ్చు.

ఇంకోటి ఆరుదల. నరికిన రోజు నుంచి కర్ర బరువు పడిపోతూనే ఉంటుంది, తొక్క తీస్తే ఇంకా తొందరగా. పది టన్నుల పచ్చి కర్ర రోడ్డు పక్కన పడుండి ఎనిమిదిన్నర టన్నులకి దిగిందనుకోండి. పచ్చి రేటు మీద దాదాపు 18 శాతం ఎక్కువ ఇస్తేనే మీకు సమానం. అందుకే ఏజెంట్లు కొందరు "రేపు లారీ పంపుతాం" అంటూ రోజులు జరుపుతారు. లారీ ఖాయం అయ్యాకే చెట్టు మీద రంపం పెట్టండి.

మొత్తం కర్ర పేపరు మిల్లుకే పోవాలని లేదు. తిన్నగా ఉన్న బాదులు (పొడుగు కర్రలు) ఏరి పక్కన పెట్టండి. సెంట్రింగు వాళ్ళు, పందిళ్ళ వాళ్ళు, రొయ్యల చెరువుల వాళ్ళు లెక్కకి కొంటారు, తూకానికి కాదు. మిగిలింది మిల్లుకి. కొసలు, రెమ్మలు వంటచెరుకుకి.

చిన్నకోత (కొత్తపేట)

చాలా థాంక్సండి. ఏజెంటుకి ఇప్పుడే ఫోన్ చేశాను. తొక్క తీసి, గేటు దగ్గర అంట. మొన్న ఆ ముక్క చెప్పలేదు.

పాత అడితి (రాజమహేంద్రవరం)

టేకు కొలత సంగతి నేను చెబుతాను బాబూ. అడితిలో గుమస్తాగా దుంగలు కొలిచే పనే చేశాను కాబట్టి రెండు వైపులా తెలుసు.

మన దగ్గర గుండ్రటి దుంగకి లెక్క ఇలా కడతారు. దుంగ నడిమధ్య చుట్టుకొలత అంగుళాల్లో తీసుకుంటారు. దాన్ని నాలుగుతో భాగించి, వచ్చిన అంకెని దానితోనే గుణిస్తారు. దాన్ని పొడుగు అడుగులతో గుణించి 144తో భాగిస్తారు. అదే సీఎఫ్‌టీ. పది అడుగుల దుంగ చుట్టు 36 అంగుళాలు ఉంటే నాలుగో వంతు 9. తొమ్మిది తొమ్మిదులు 81, పదితో 810, దాన్ని 144తో భాగిస్తే 5.62.

నిజానికి ఆ దుంగలో ఉన్న కలప 7.16 ఘనపుటడుగులు. ఈ లెక్క దుంగని గుండ్రంగా కాకుండా పలకగా చూస్తుంది, అందుకే అసలు ఘనపరిమాణంలో 78.5 శాతమే చూపిస్తుంది. కోతలో పోయే చెక్కకి ఆ తేడా సరిపోతుందని ఎప్పటి నుంచో వస్తున్న ఆచారం. అది మోసం కాదు, అందరూ వాడేదే. కానీ ఒకడు ఈ లెక్కన రేటు చెప్పి, ఇంకొకడు పూర్తి ఘనపరిమాణం మీద చెబితే, రెండో రేటు పైకి తక్కువగా ఉన్నా చేతికి ఎక్కువ రావచ్చు. ఘనపు మీటరులో చెబితే కూడా అంతే. ఒక ఘనపు మీటరు అసలు లెక్కలో 35.3 ఘనపుటడుగులు, అడితి లెక్కలో 27.7 మాత్రమే. ఏ లెక్కో అడిగి రాసుకోండి.

నష్టం జరిగేది చుట్టు దగ్గర. చుట్టు తనతో తానే గుణించబడుతుంది కదా, చిన్న తేడా పెద్దదవుతుంది. అదే పది అడుగుల దుంగ చుట్టు 40 అయితే 6.94 వస్తుంది. 36 అని రాస్తే 5.62. నాలుగు అంగుళాలకి దాదాపు ఐదో వంతు సరుకు పోయింది. ఆ నాలుగు అంగుళాలు ఎలా పోతాయంటే, మధ్యలో కాకుండా సన్న చివర టేపు వేస్తారు. తొక్కకని రెండు అంగుళాలు తీస్తారు. మిగిలిన ముప్పాతిక అంగుళం వదిలేస్తారు. ఒక్కొక్కటి చూస్తే చిన్నదే, మూడూ ఒకే దుంగ మీద పడితే మీ లాభం అక్కడే పోతుంది.

కాబట్టి అడితికి తోలే ముందు తోటలోనే మీరు కొలవండి. దుంగ మధ్యలో ఒక వేలి వెడల్పున తొక్క చెక్కేసి, టేపు దాని మీంచి వేయండి. అప్పుడు తొక్క తరుగు మాటే రాదు. దుంగ చివర పెయింటుతో నంబరు వేయండి. నంబరు, పొడుగు, చుట్టు రెండు కాగితాల మీద రాసి ఒకటి లారీతో పంపండి. కాగితంతో వచ్చిన సరుకుని గుమస్తా జాగ్రత్తగా కొలుస్తాడు, ఇది నేను కళ్ళారా చూసిన సంగతి.

రేటు మాటకొస్తే, మన గోదావరి డెల్టా టేకుకి చేవ (మాను లోపలి గట్టి కలప) తక్కువ. ఒండ్రు నేల, పక్కనే కాలవ నీళ్ళు, మాను తొందరగా లావెక్కుతుంది కానీ చుట్టూ తెల్లచెక్క ఎక్కువ ఉంటుంది. మహారాష్ట్ర నుంచి వచ్చే బల్లార్షా టేకు పక్కన పెడితే వడ్రంగి బల్లార్షాదే ఎంచుకుంటాడు. బర్మా 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. అప్పటి నుంచి ఆఫ్రికా, దక్షిణ అమెరికా తోటల టేకు ఎక్కువగా దిగుతోంది. మన గట్టు టేకుకి పోటీ అదే. అడితిలో అడగాల్సింది "టేకు ఎంత" అని కాదు. "24 నుంచి 30 చుట్టుకి ఎంత, 30 నుంచి 36కి ఎంత, 36 దాటితే ఎంత" అని అడగండి. లావు పెరిగేకొద్దీ సీఎఫ్‌టీ రేటే మారిపోతుంది.

వశిష్ఠ ఒడ్డు (నరసాపురం)

పెద్దాయన చెప్పింది ప్రింటు తీసి పెట్టుకోవాలి. నాదొక మాట: 24 అంగుళాల మానులు ఉంటే అవి ఇప్పుడు నరకొద్దు. పది అడుగుల దుంగకి 24 చుట్టులో వచ్చేది రెండున్నర సీఎఫ్‌టీలే. అదే మాను 36కి పెరిగితే ఐదున్నర దాటుతుంది, పైగా రేటు తరగతి మారుతుంది, చేవ కూడా పెరుగుతుంది. రైతుకి డబ్బు అర్జంటు కాకపోతే లావువి తీసుకుని సన్నవి వదిలేయండి. మళ్ళీ కొన్నేళ్ళకి ఆయన మిమ్మల్నే పిలుస్తాడు.

గట్టు రైతు (ముమ్మిడివరం)

నేను చెట్లు అమ్మే వైపు నుంచి రాస్తున్నాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. అడితిలో మీకు జరుగుతున్నది చెప్పుకుంటున్నారు. మా గట్టు మీద మాకు జరిగేది కూడా అదే. చెట్ల బేరగాడు వస్తాడు, మాను చుట్టూ ఒకసారి తిరిగి చూస్తాడు, "మొత్తం ఇంతకి ఇచ్చెయ్యండి" అంటాడు. టేపు తియ్యడు. పిల్ల పెళ్ళికో, ఆసుపత్రికో డబ్బు కావాల్సి వచ్చిన రోజునే మేం చెట్టు అమ్ముతాం కాబట్టి సరే అంటాం. మా నాన్నగారు నాటిన టేకు అలాగే పోయింది. ఎన్ని అడుగులు పోయిందో ఈ రోజుకీ మాకు తెలీదు.

మీరు అడితిలో న్యాయంగా కొలవాలని అడుగుతున్నారు, అది సబబే. రైతు ముందు కూడా టేపు వేయండి.

చిన్నకోత (కొత్తపేట)

మీరన్నది న్యాయమే అన్నయ్యా. ఈ రైతు దగ్గర నిలబడి ఉన్న మానులకే ఆయన ఎదురుగా రొమ్ము ఎత్తులో టేపు వేసి, ఎంత పొడుగు దుంగ పడుతుందో అంచనా కట్టి, కాగితం ఆయన చేతికి ఇస్తాను. నా కూలి, కిరాయి, నా లాభం పోగా ఎంత ఇవ్వగలనో ఆయనే లెక్క చూసుకుంటాడు.

గట్టు రైతు (ముమ్మిడివరం)

అలా చేస్తే మా ఊళ్ళో చెట్లు కూడా మీకే చూపిస్తాను.

పాత అడితి (రాజమహేంద్రవరం)

నిలబడ్డ మానుకి రొమ్ము ఎత్తు అంటే నాలుగున్నర అడుగులు. అక్కడి చుట్టు దుంగ మధ్య చుట్టు కన్నా ఎక్కువ వస్తుంది, మాను పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కదా. అదే అంకెతో రైతుకి మాట ఇస్తే మీరు మునుగుతారు. నిచ్చెన వేసి, రాబోయే దుంగ సగం ఎత్తులో ఒకటి రెండు మానులకి కొలిచి చూసుకోండి, మిగతా వాటికి ఎంత తగ్గించాలో తెలుస్తుంది. మాను మొదట్లో గొడ్డలి వెనకవైపుతో కొట్టి వినండి. బోలుగా మోగితే లోపల డొల్ల ఉన్నట్టే.

బాడిస (పాలకొల్లు)

వడ్రంగి పని చేసేవాణ్ణి. దుంగలు కోసేవాళ్ళు మమ్మల్ని ఒక్క మాట అడిగితే బాగుండును అనిపిస్తుంది. పొడుగు ఇష్టం వచ్చినట్టు కోసేస్తారు. గుమ్మం నిలువు కమ్మీలకి మాకు ఏడడుగులు కావాలి. మీరు ఆరున్నరకి కోస్తే ఆ దుంగ గుమ్మానికి పనికిరాదు, కిటికీకో బల్లకో పోతుంది. దాని రేటు వేరు. ఏడడుగులకి మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ ఉంచి కోయండి, చివర్లు పగులుతాయి కాబట్టి. మాను తిన్నగా ఉంటే పద్నాలుగు అడుగులు దాటించి ఒకే దుంగగా ఉంచండి. వంకర ఉన్న చోటే కోత పెట్టండి, అప్పుడు రెండు ముక్కలూ తిన్నగా వస్తాయి.

కోసిన దుంగని ఎండలో పడేయొద్దు. నీడలో, నేలకి తగలకుండా కింద రెండు కర్రలు వేసి పెట్టండి. చివర్లకి పాత పెయింటు పూయండి, లేకపోతే పేడ అయినా అలకండి. మన ఎండకి వారంలోనే పగులు బయటపడుతుంది. పగిలిన మేర అడితిలో పొడుగు తీసేస్తారు.

మామిడికి పెద్ద ఆశ పెట్టుకోకండి. పెట్టెలకి, సెంట్రింగు చెక్కలకి పోతుంది. తొందరగా పురుగు పడుతుంది, నరికాక నిలవ ఉంచకూడదు. నిద్రగన్నేరు మాత్రం లావు ఉంటే అంత తేలిగ్గా వదలకండి. ముదురు గోధుమ రంగు చేవ, వెడల్పు పలకలు వస్తాయి, ఈ మధ్య పెద్ద డైనింగు బల్లలకి అడుగుతున్నారు. వంటచెరుకు రేటుకి ఇచ్చేయొద్దు.

రేంజి పక్క (కాకినాడ)

అందరూ రేటు మాట్లాడుతున్నారు, కాగితాల మాట ఎవరూ ఎత్తలేదు. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద సొంత పొలంలో చెట్టు నరకడానికి కూడా అనుమతి కావాలి. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ లాంటి తోట పంటలకి మినహాయింపు ఉంది. టేకుకి లేదు. టేకు దుంగ రోడ్డు ఎక్కాలంటే అటవీ శాఖ రవాణా పర్మిట్ ఉండాలి. రైతు పాసు పుస్తకం నకలు, చెట్ల లెక్క పట్టుకుని ముందు మీ రేంజి ఆఫీసుకి వెళ్ళండి. అక్కడ అన్ని రకాలకీ ఏది కావాలో చెబుతారు. నరికేసి తరవాత కాగితం తెచ్చుకుందాం అంటే దారిలో లారీ ఆగిపోతుంది, అడితి వాళ్ళు కూడా పర్మిట్ లేని టేకుకి రేటు తగ్గించి అడుగుతారు.

ఆ నిద్రగన్నేరులు రైతు చెరువు గట్టువా, కాలవ గట్టువా బాగా చూసుకోండి. కాలవ గట్టు, ఏటిగట్టు, రోడ్డు పక్క చెట్లు సర్కారువి. రైతు "మావే" అన్నా సరే, సర్వే హద్దు చూశాకే బయానా ఇవ్వండి.

చిన్నకోత (కొత్తపేట)

రేపు రేంజి ఆఫీసుకి వెళ్తున్నాను. నిద్రగన్నేరులు రొయ్యల చెరువు గట్టు మీదే, పట్టా భూమి.

దాళ్వా (ఆచంట)

అందరూ చెప్పినవన్నీ నిజమే కానీ మన డెల్టాలో అసలు చిక్కు దారి. నాట్లు పడితే ఏ ట్రాక్టరూ చేలోకి దిగదు. దాళ్వా (రెండో పంట) కోత అయ్యి, కాలవలు కట్టేసిన వేసవిలోనే లారీ పుంత రోడ్డు మీంచి లోపలికి వస్తుంది. అందరికీ అదే అదను కాబట్టి సరుకంతా ఒకేసారి అడితికి వస్తుంది, ముఠా కూలీలు దొరకరు, రేటు పడుతుంది. రోడ్డు దగ్గరున్న చెట్లు వేసవికి ఉంచకుండా ముందే తీసేయండి. లోపలి చెట్లు మాత్రమే వేసవికి పెట్టుకోండి.

వంటచెరుకు రకం సరుకుకి ఇంకో అదను ఉంది. పాత పశ్చిమ గోదావరి జిల్లా మెట్టలో, దేవరపల్లి, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం వైపు వర్జీనియా పొగాకు బ్యారన్లు (ఆకుని వేడితో ఆరబెట్టే కొట్లు) సంక్రాంతి ముందూ వెనకా మండుతుంటాయి. అప్పుడు కర్రకి గిరాకీ ఉంటుంది. కిరాయి గిట్టుతుందో లేదో చూసుకుని వెళ్ళండి.

సముద్రపుగాలి (మలికిపురం)

తుపాను తరవాత రేటు సంగతి కూడా గుర్తుంచుకోవాలండి. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరి చెట్లు లక్షల్లో పడిపోయాయి. అన్ని చెట్లు ఒక్క రాత్రిలో నేల మీదకి వస్తే కొనేవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు? గాలివానకి పడిన చెట్లు బేరం చేసేటప్పుడు ముందు వారం రేటు నమ్ముకుని రైతుకి డబ్బు ఇచ్చేయకండి.

నాలుగు లంకలు (రావులపాలెం)

చిన్నకోత గారూ, మీలాంటి వాళ్ళం నలుగురు కలిస్తే? ఒక్కొక్కరం ట్రాక్టరు లోడు తీసుకెళ్తే అడితిలో మనల్ని పట్టించుకోరు. ఒకే రకం సరుకు లారీ నిండా ఉంటే కొనేవాడే మన దగ్గరికి వస్తాడు. పేపరు మిల్లు కూడా దూరం కాదు, ఆంధ్రా పేపర్‌కి రాజమండ్రిలోనూ కడియంలోనూ యూనిట్లు ఉన్నాయి. లారీ సరుకు ఉంటే ఏజెంటు కమీషను తగ్గించి మాట్లాడొచ్చు.

వశిష్ఠ ఒడ్డు (నరసాపురం)

కలవడం మంచిదే, గొడవలు కూడా అక్కడే వస్తాయి. ఒకరి కర్ర పచ్చిది, ఇంకొకరిది ఆరింది, ఒకరిది లావు, ఒకరిది సన్నం. లారీలో కలిసిపోయాక ఎవరిది ఎంతో ఎవరు చెబుతారు?

నాలుగు లంకలు (రావులపాలెం)

సరుగుడయితే ఎవరి ట్రాక్టరు వాళ్ళు ఊళ్ళో కాటా వేసుకుని, చీటీ పెట్టుకుని, తరవాత లారీకి ఎక్కిస్తే సరిపోతుందండి. మిల్లు కాటాలో వచ్చిన తరుగు అందరికీ అదే దామాషాలో పడుతుంది. ఒకే వారంలో నరికిన కర్రే కలపాలి, అది ముందే ఒప్పుకోవాలి. టేకు మాత్రం కలపొద్దనే నేనూ అంటాను. టేకు ఎవరిది వాళ్ళు నంబరు వేసుకుని విడిగా అమ్ముకోవడమే మంచిది.

వశిష్ఠ ఒడ్డు (నరసాపురం)

అలాగైతే సరే. లావు జామాయిల్ ఉన్నవాళ్ళు మాత్రం దాన్ని పేపరు కర్రలో కలపకండి. ప్లైవుడ్‌కి పొర తీసే మిల్లులు లావు దుంగకి ఎక్కువ ఇస్తాయి. షీటు 8×4 అడుగులు కాబట్టి దుంగ నాలుగడుగులకి కొంచెం ఎక్కువ ఉండాలి. ఎంత ఎక్కువ ఉండాలో కోసే ముందు ఆ మిల్లునే అడగండి.

చిన్నకోత (కొత్తపేట)

ఈ నాలుగు రోజుల్లో జరిగింది రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

రైతు ఎదురుగా టేకు అంతా కొలిచాం. పెద్దాయన చెప్పినట్టు నిచ్చెన వేసి రెండు మానులు మధ్యలో కూడా కొలిచాను. 30 దాటినవి మాత్రమే తీసుకుంటున్నాను, సన్నవి రైతే ఉంచేస్తానన్నాడు. ఆ కాగితం పట్టుకుని రెండు అడితులకి వెళ్ళి చుట్టు తరగతుల వారీగా రేటు అడిగాను. మొదట ఒకటే రేటు చెప్పిన అడితి, తరగతుల వారీగా అడిగేసరికి లావు దుంగలకి పెంచి చెప్పింది. దళారి చెప్పిన గుత్త మొత్తాన్ని నా కాగితంతో పోల్చి చూస్తే, టేకు ఒక్కదానికే దాదాపు ఆ డబ్బు వస్తుంది. మిగతా సరుకంతా ఊరికే పోయేది.

సరుగుడుకి తోటలో తొక్కతో తీసుకునే ఇంకో ఏజెంటు దొరికాడు. రేటు తక్కువే, కానీ నరుకుడు, ఎగుమతి వాళ్ళదే. నా కూలి లెక్క వేసుకుంటే అదే నయం. బాదులు ముందే ఏరుకుంటానని ఒప్పించాను. టేకు పర్మిట్ వచ్చాకే రంపం పెడతాను.

కాటా దగ్గర ఏం చూసుకోవాలో ఎవరైనా చెప్పండి.

సముద్రపుగాలి (మలికిపురం)

ఖాళీ లారీ తూకం మీ కళ్ళ ముందు వేయించండి. ఖాళీగా తూచేటప్పుడు డ్రైవరు, క్లీనరు, నీళ్ళ డ్రమ్ము లారీలో ఉండి, లోడుతో తూచేటప్పుడు దిగిపోతే ఆ బరువంతా మీ కర్రలోంచి పోయినట్టే. రెండు తూకాలూ ఒకే కాటా మీద, ఒకే రోజు జరగాలి. కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించుకోవాలి, ఆ సర్టిఫికెట్ గోడ మీద ఉందో లేదో చూడండి. చీటీ మీద లారీ నంబరు, రెండు తూకాలు, టైము ఉండాలి. ఫోటో తీసి పెట్టుకోండి.

పాత అడితి (రాజమహేంద్రవరం)

డబ్బు బ్యాంకులో వేయించుకోండి బాబూ. 2017 ఏప్రిల్ నుంచి ఒక లావాదేవీలో రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోకూడదు. తీసుకున్నవాడికే జరిమానా. అడితి వాళ్ళు సగం ఇప్పుడు, సగం సరుకు అమ్ముడయ్యాక అంటారు. చిన్న లాటుకి అది ఒప్పుకోకండి. దుంగలు దిగి, కొలత కాగితం మీద ఇద్దరి సంతకాలూ పడ్డ రోజునే మొత్తం పడాలని ముందే మాట్లాడుకోండి. కొలతలో తేడా వస్తే ఆ దుంగ నంబరు చెప్పి మళ్ళీ టేపు వేయమనండి, మొత్తం సరుకు మళ్ళీ కొలవక్కర్లేదు. వీలైతే దుంగలు దింపే రోజు పొద్దున్నే వెళ్ళండి. సాయంత్రం అయ్యేసరికి గుమస్తాకి తొందర, మీకు తిరుగు ట్రాక్టరు తొందర.

చిన్నకోత (కొత్తపేట)

అలాగే బాబాయ్ గారూ. పర్మిట్ వచ్చిన మర్నాడే కోత మొదలుపెట్టి, దుంగల జాబితా ఇక్కడే పెడతాను. లెక్కలో తప్పులుంటే తోలకముందే చెప్పండి.